దురదకు రుజువు

మా ఫ్యాక్టరీలో దురద రెండు రకాలు. రుజువైన దురద, చెప్పుకున్న దురద. రుజువైన దురదకు ఒక ఫారం, ఒక ఫైలు, ఆ ఫైలుకో నంబరు ఉంటాయి. చెప్పుకున్న దురదకు పాపం గోళ్ళు తప్ప ఇంకేమీ ఉండవు.

ఈ తేడా కనిపెట్టింది నేను కాదు. నేను క్వాలిటీ విభాగంలో కాగితాలు చూసుకునే గుమాస్తాని, పేరు కూర్మారావు. ఇరవై రెండేళ్ళుగా ఫారాలు గీస్తున్నాను. గళ్ళు తిన్నగా గీస్తానని, ఏ గడిలో ఏమి రాయాల్సి వస్తుందో ముందే ఊహిస్తానని నాకు కొంత పేరుంది. ఆ పేరు చూసుకుని కాస్త మురిసిపోయే అలవాటు కూడా ఉంది.

మాది విశాఖపట్నం దాటాక సముద్రపుగాలి తగిలే చోట ఉన్న మందుల కంపెనీ. రోడ్డుకి ఇటువైపు బ్లాకులో అమాక్సిసిలిన్ క్యాప్సూల్స్ నింపుతారు. అది పెన్సిలిన్ జాతి మందు. అటువైపు బ్లాకులో జ్వరం మాత్రలు చేస్తారు. ఇటు పొడి అటు రవ్వంత కూడా పోకూడదు. పెన్సిలిన్ పడని మనిషి ఎవరైనా, ఏ దేశంలోనో, జ్వరం మాత్ర వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటే ఎంత ఘోరం. ఆ ముక్కూమొహం తెలియని రోగి కోసం మా కంపెనీ పడే ఆరాటం చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి.

మజ్జి గౌరీశ్వరి ఇటు బ్లాకులో క్యాప్సూల్స్ నింపే మిషను దగ్గర ఏడేళ్ళ నుంచి పనిచేస్తోంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పనికి వంకపెట్టిన సూపర్‌వైజరు లేడు. శ్రావణమాసంలో ఆమెకు ముంజేతుల మీద దద్దుర్లు మొదలయ్యాయి. భాద్రపదానికి కళ్ళు వాచాయి. దసరా వెళ్ళేసరికి మధ్యాహ్నం షిఫ్టు చివర్లో పిల్లికూతలు వినిపించేవి. ఆమె ఊపిరి అవి. రోడ్డు దాటించి అటు బ్లాకులో ఏ పనైనా ఇమ్మని అడిగింది. చీపురు పట్టమన్నా పడతానంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, చేపల వేటకు పోయే మొగుడు. ఉద్యోగం వదలలేదు, ఊపిరీ వదలలేదు.

"ఆదివారం ఉండదు బాబూ" అని నాతో చెప్పింది. "సోమారం గేటు దాటి గౌను తొడుక్కుంటే మొదలవుతాది. ఇందులో తెలీకపోడానికేటుంది?"

మంగళవారం, శుక్రవారం వచ్చే కంపెనీ డాక్టరుగారు ముసలాయన. చెయ్యి చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి, ఈ పొడి ఈవిడకు పడటం లేదు, వేరే చోటికి మార్చండి అని చీటీ రాసేశారు. ఆ చీటీని నేను మా క్వాలిటీ అధిపతి ద్వారకానాథ్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని రెండువేళ్ళతో ఎత్తి చూశారు. కార్మికురాలు చెప్పింది వాంగ్మూలం, డాక్టరు రాసింది అభిప్రాయం, ఆదివారం తగ్గిపోవడం నియంత్రణ లేని పరిశీలన అన్నారు. మూడూ కలిపినా రుజువు కాదట. మూడు సున్నాలు కలిపితే ఎంత అని నన్నే అడిగారు. నేను సున్నా అన్నాను. నాకు లెక్కలు బాగానే వచ్చు.

ఈ సమయంలోనే ద్వారకానాథ్ గారు మూడురోజుల సదస్సుకు వెళ్ళివచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు భుజానికి ఒక గుడ్డసంచీ, నోట్లో ఒక మాట వేసుకొచ్చారు. ఆ మాట 'కణస్థాయి సాక్ష్యం'. మన రక్తంలో కాపలా కణాలు కొన్ని ఉంటాయట. రక్తం తీసి గాజుగొట్టంలో పోసి, అందులో మందు కలిపితే, ఆ మందుని శత్రువుగా ఎరిగిన కణాలు ఉలిక్కిపడి లేస్తాయి. ఎన్ని లేచాయో ఒక యంత్రం లెక్కపెడుతుంది. మనిషికి మందు ఇవ్వకుండానే పడుతుందో పడదో చాలావరకు తెలుస్తుంది. మంచి పరీక్షే. డాక్టరుగారు కూడా మంచిదే అన్నారు, కాకపోతే రోగి చెప్పేదాని పక్కన పెట్టుకుని చూడాలి అన్నారు. ఆ రెండో సగం ద్వారకానాథ్ గారికి వినిపించలేదు.

"మనిషి అబద్ధం ఆడగలడు కూర్మారావ్. కణానికి ఆ సౌకర్యం లేదు" అన్నారాయన. "ఇకమీదట మన సంస్థలో అలర్జీ గురించి మాట్లాడే హక్కు కణానికే."

నలభై ఒక్క పేజీల విధానపత్రం తయారైంది. రాసింది నేనే. "సదరు ఉద్యోగిని చర్మమునందు సంభవించినట్లు చెప్పబడుచున్న దురద" అని మొదలవుతుంది. ఆరో పేజీలో ఒక నియమం ఉంది. మందుకు దూరంగా ఉంటే కణాలు మెల్లగా దాన్ని మరిచిపోయే అవకాశం ఉన్నది గనుక, పరీక్ష పూర్తయ్యేవరకు సదరు ఉద్యోగిని సదరు పొడి వద్దనే ఉండవలెను. సెలవు ఇవ్వరాదు. గౌరీశ్వరికి ఇది చదివి వినిపిస్తే, నిప్పు కాలతాదో లేదో తెలీదాకా సెయ్యి తియ్యొద్దంటారా అని అడిగింది. విధానపత్రంలో నిప్పు ప్రస్తావన లేదు. అదే చెప్పాను.

ఇక రక్తం తీయడం. బయటనుంచి వచ్చే ఏ సరుకునుంచైనా నమూనా తీయడానికి మా దగ్గర ఒక సూత్రం ఉంది. ఎన్ని డ్రమ్ములు వచ్చాయో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి ఒకటి కలపాలి. వంద డ్రమ్ములు వస్తే పదకొండు డ్రమ్ముల్లోంచి తీస్తాం. గౌరీశ్వరి ఒక్కతే. ఒకటికి వర్గమూలం ఒకటి, ఒకటి కలిపితే రెండు. అంటే ఒక్క గౌరీశ్వరి ఉన్నచోట ఇద్దరు గౌరీశ్వరులనుంచి నమూనా తీయాలి. దీని మీద గంటన్నర సమావేశం జరిగింది. రెండో గౌరీశ్వరిని సమకూర్చలేమని పర్సనెల్ విభాగం చేతులెత్తేసింది. చివరికి కుడిచెయ్యి ఒక డ్రమ్ము, ఎడమచెయ్యి ఒక డ్రమ్ము అని తీర్మానించాం. ఆ ఆలోచన నాదే. ద్వారకానాథ్ గారు అందరిముందూ నా భుజం తట్టారు.

రెండు చేతుల్లోంచీ రక్తం తీశారు. సీసాలకు బ్యాచి నంబరు వేశాం. పరీక్ష చేసే ల్యాబు నగరంలో ఉంది. రక్తం తీసిన రోజే చేరాలి, ఆలస్యమైతే కణాలు చచ్చిపోతాయని సీసా మీదే రాసి ఉంది. కాని మా సరుకు ఏదైనా బయటికి వెళ్ళాలంటే ఆరు సంతకాలు కావాలి. ఆరో సంతకందారు తన మరదలి పెళ్ళికి వెళ్ళారు. మూడోరోజు సీసాలు చేరాయి. నివేదిక వచ్చింది. మందు కలిపితే కణాలు లేవలేదు. ఎవరి కణమైనా లేచేలా చేసే మామూలు ద్రావణం ఉంటుంది, అది కలిపినా లేవలేదు. ఫలితం చెప్పలేము అని ల్యాబువాళ్ళు రాశారు.

చెప్పలేము అనే జవాబుకు మా ఫారంలో గడి లేదు. కనుక దర్యాప్తు జరిగింది. మా కంపెనీలో ఏ దర్యాప్తు అయినా ఒకే గమ్యానికి చేరుతుంది. మిషను చెడిపోయినా, కరెంటు పోయినా, తుఫాను వచ్చినా, మూలకారణం మానవతప్పిదం. నివారణ చర్య, సదరు మానవుడికి మళ్ళీ శిక్షణ. ఇక్కడ సహకరించనివి గౌరీశ్వరి కణాలు. కణాలకు సంతకం రాదు. వాటి సంరక్షకురాలిగా గౌరీశ్వరికి రెండు గంటల శిక్షణ ఇచ్చాం. 'నమూనా దశలో జీవకణముల బాధ్యతాయుత ప్రవర్తన' అన్నది విషయం. గౌరీశ్వరి కూర్చుని విన్నది, మధ్యలో రెండుసార్లు దగ్గి బయటికి వెళ్ళింది, చివర్లో పరీక్ష రాసింది. పదికి తొమ్మిది వచ్చాయి. కణాల తరఫున కూడా ఆమె చేతే సంతకం పెట్టించాను.

అప్పటికి ఆమె రెండంతస్తులు ఎక్కాలంటే మధ్యలో గోడ పట్టుకుని నిలబడుతోంది. నాకు మనసు చివుక్కుమంది. ఉన్నమాట చెప్పాలంటే నిద్ర కూడా సరిగా పట్టలేదు. రెండోసారి రక్తం తీసే రోజుకు ముందు నేను ఒక పాపం చేశాను. ఖాళీ ఫారం మీద ఆరుగురిచేతా ముందే సంతకాలు పెట్టించాను. మందుల కంపెనీలో ఇంతకన్నా మహాపాతకం లేదు. హత్య చేసినా తేదీ సరిగ్గా వేస్తే క్షమిస్తారేమో కాని, ముందు తేదీ సంతకాన్ని క్షమించరు. సీసాలు ఐసుపెట్టెలో పెట్టుకుని నేనే బస్సెక్కి పట్టుకెళ్ళాను. మూడుగంటల్లో చేరాయి.

ఈసారి కణాలు లేచాయి. మామూలుగా లేవలేదు. పొడిని వెయ్యోవంతుకు పలచన చేసి కలిపినా, పదివేలవ వంతుకు చేసి కలిపినా, వీధిలోకి దొంగ వచ్చినట్టు అన్నీ లేచి కూర్చున్నాయి. ఇటువంటి ఫలితం తాము ఇంతవరకు చూడలేదని, ఆమెను వెంటనే ఆ మందుకు దూరంగా ఉంచమని ల్యాబువాళ్ళు కింద ప్రత్యేకంగా రాశారు. బదిలీ ఉత్తర్వు నేను అక్కడికక్కడే రాసేశాను. మంచి కాగితం మీద రాశాను. గౌరీశ్వరికి చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుని, మీ పిల్లలు సల్లగుండాలి బాబూ అంది.

ద్వారకానాథ్ గారు నివేదికను చాలాసేపు చదివారు. కింద రాసింది కాదు, అంకెలు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నారు. అటు బ్లాకులో పెన్సిలిన్ జాడ లేదని రుజువు చెయ్యడానికి మాకు ఒక పెద్ద యంత్రం ఉంది. అది వెయ్యోవంతు దగ్గరే చూపు ఆగిపోయే రకం. వచ్చే నెల విదేశీ కొనుగోలుదారుల తరఫున తనిఖీ బృందం వస్తోంది. పోయినసారి వాళ్ళు ఆ యంత్రం చాలదని రాసి వెళ్ళారు.

"మన దగ్గర పదివేలవ వంతును పట్టుకునే పరికరం ఉంది" అన్నారు ద్వారకానాథ్ గారు. "ఏడేళ్ళుగా మన దగ్గరే ఉంది. మనమే చూసుకోలేదు."

గౌరీశ్వరి బదిలీ అయింది. రోడ్డు దాటింది. ఆ మాట నిజమే, ఉత్తర్వులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. ఆమెకు పరికరం నంబరు పదిహేడు అని కేటాయించారు. రోజూ అటు బ్లాకులో గదిగదికీ వెళ్ళి, అక్కడ పది నిమిషాలు నిలబడి రావడం పని. దురద పుడితే ఆ గదిలో పెన్సిలిన్ ఉన్నట్టు. పుట్టకపోతే లేనట్టు. గౌను మీద ఎడమవైపు ఆకుపచ్చ చీటీ అంటించాం. వాడకమునకు సిద్ధము అని దాని మీద రాసి ఉంటుంది.

మొదటిరోజు ఆమె సంతోషంగానే ఉంది. రెండో రోజు పరికరాల విభాగం నుంచి ఫోను వచ్చింది. వాడకానికి ముందు ఏ పరికరాన్నైనా సరిచూడాలి కదా అని. త్రాసు మీద తెలిసిన బరువు పెట్టి చూస్తాం. అలాగే ఈ పరికరానికి తెలిసిన మోతాదులో పొడి చూపించాలి. అంటే ప్రతి ఉదయం ఎనిమిదింటికి అమాక్సిసిలిన్ పొడి కొలిచి తెచ్చి గౌరీశ్వరి ముంజేతికి రాసి, ముక్కు దగ్గర పెట్టాలి. దద్దురు లేస్తే పరికరం సరిగా ఉన్నట్టు. లేవకపోతే చెడిపోయినట్టు. దద్దురు తగ్గడానికి సూది వేస్తే కొలతలు తారుమారవుతాయి కనుక అది వేయరాదు.

పొడి పడక పొడికి దూరంగా పంపమంటే, దూరంగా పంపిన చోటుకు రోజూ పొడి తెచ్చి పెట్టారు. నేను ద్వారకానాథ్ గారి దగ్గరికి వెళ్ళి ఈ మాటే చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇటు బ్లాకులో ఆమె ఎంత పొడి పీల్చేదో లెక్కలేదని, ఇప్పుడు లెక్క ఉందని, ఇది ఎంత పురోగతో ఆలోచించమని మెల్లగా నచ్చజెప్పారు.

గౌరీశ్వరి సెలవు అడిగింది. పర్సనెల్ విభాగంవాళ్ళు పుస్తకం తిరగేసి చూశారు. ఒకే వస్తువు రెండు రిజిస్టర్లలో ఉండకూడదన్న నియమం ప్రకారం, పరికరాల రిజిస్టరులోకి ఎక్కినరోజే ఆమె పేరు హాజరు పట్టీలోంచి తీసేశారు. పట్టీలో లేనివారికి సెలవు ఉండదు. పరికరాలకు మరమ్మతు ఉంటుంది, అది ఆరునెలలకు ఒకసారి. రాజీనామా చేస్తానంటే, పరికరం రాజీనామా చేసే పద్ధతి ఏదీ లేదని, కావాలంటే పనికిరానిదిగా ప్రకటించమని దరఖాస్తు పెట్టుకోవచ్చని, దానికి వరుసగా మూడురోజులు దద్దురు లేవకుండా ఉండాలని వివరించారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. కుర్చీ కూడా వేశారు.

"మరేటి సెయ్యమంటారు?" అని ఆమె నన్ను అడిగింది. "మా ఇంటాయన, గేటు కాడికొచ్చి గోల సేస్తానంటన్నాడు. నానే ఒద్దన్నాను. ఉన్న ఉద్యోగం పోతాదని." ఉద్యోగం అప్పటికే పోయింది. కంపెనీ మాత్రం ఆమెను పోనివ్వడం లేదు.

తనిఖీ రోజు వచ్చింది. ఇద్దరు తనిఖీదారులు, తెల్లకోట్లు, చేతుల్లో పలకల్లాంటి కంప్యూటర్లు. అటు బ్లాకులో బల్ల ముందు గౌరీశ్వరిని నిలబెట్టారు. మామూలు రోజుల్లో ఒక్క మోతాదుతో సరిచూసేవాళ్ళం. అతిథులు వచ్చారు కదా, ద్వారకానాథ్ గారు మూడు మోతాదుల పద్ధతి ఏర్పాటు చేశారు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. తక్కువకు దద్దురు లేచింది. తనిఖీదారులు తలలూపారు. మధ్యస్థానికి మెడ ఎర్రబడింది. మళ్ళీ తలలూపారు. ఎక్కువ మోతాదు చూపించాక గౌరీశ్వరి నాకేసి చూసి ఏదో చెప్పబోయింది. పెదవులు ఉబ్బిపోయి మాట రాలేదు. బల్ల అంచు పట్టుకోబోయి, పట్టు దొరక్క కింద పడిపోయింది.

పక్కనున్న కెమిస్టు స్టాప్‌వాచీ ఆపాడు. స్పందన కాలం నలభై సెకండ్లు అని రాసుకున్నాడు. తనిఖీదారుల్లో పెద్దాయన వంగి చూసి, ఇది చెడిపోతే దీనికి బదులు పరికరం ఉందా అని అడిగారు. ద్వారకానాథ్ గారు ఏర్పాటు చేస్తామన్నారు. పెద్దాయన పలక మీద అది నోట్ చేసుకున్నారు.

ఆరోజు అదృష్టంకొద్దీ శుక్రవారం. డాక్టరుగారు మెట్లమీద పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆ వయసులో ఆయన అలా పరిగెత్తగలరని ఎవరికీ తెలియదు. సరిచూపు పట్టికలో వేయరాదని రాసిన సూదినే తొడలో పొడిచి, అంబులెన్సు ఎక్కించారు. నేనూ ఎక్కాను.

ఆసుపత్రిలో చేర్చుకునే చోట ఒక ఫారం ఇచ్చారు. కంపెనీలో ఈమె హోదా ఏమిటి అని గడి ఉంది. జన్మలో గడి ఖాళీగా వదలని మనిషిని, కలం పట్టుకుని అలా నిలబడిపోయాను. మా రికార్డుల ప్రకారం రాస్తే పరికరం అని రాయాలి. పరికరాన్ని ఆసుపత్రిలో చేర్చుకోరు. వెనక గదిలో ఆమె ఊపిరి కోసం పెనుగులాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఉద్యోగిని అని రాశాను. రికార్డులో లేని మాటను రాయడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

తోటికోడలు నీలవేణి వచ్చేసరికి గౌరీశ్వరి కాస్త తేరుకుంది. నీలవేణి కూడా మా కంపెనీలోనే, ఇటు బ్లాకులో అదే మిషను మీద పనిచేస్తుంది. డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల. మంచం పక్కన స్టూలు లాక్కుని, ఏం పని, ఎప్పటినుంచి, ఆదివారం ఎలా ఉంటుంది అని అడిగింది. ముక్కుకు గొట్టం ఉండగానే గౌరీశ్వరి, ఉండదమ్మా అంది. డాక్టరు ఒక్క ముక్క రాసి నా చేతిలో పెట్టింది. ఈ మనిషిని ఆ మందు ఛాయలకు పంపొద్దు. నేను తెచ్చుకున్న టీ ఇంకా వేడిగానే ఉంది.

గౌరీశ్వరి మళ్ళీ రాలేదు. రావక్కర్లేదని కంపెనీ కూడా ఒప్పుకుంది. పరికరం నంబరు పదిహేడు, మరమ్మతుకు వీలుకానిది అని రిజిస్టరులో రాసి, ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాం. గౌరీశ్వరి ఇప్పటికీ చేపల బుట్ట ఎత్తుకుని నాలుగడుగులు నడిస్తే ఆగిపోతుందట.

తనిఖీలో మేము పాసయ్యాము. ఒక్కటే లోపం ఎత్తి చూపారు, బదులు పరికరం లేదని. ముప్ఫై రోజుల్లో సమకూర్చాలి. ద్వారకానాథ్ గారు నన్ను పిలిచి, ఇటు బ్లాకులో ఉన్న అరవై నలుగురు ఆడవాళ్ళ దగ్గరికీ వెళ్ళి దురద, దద్దురు, వాపు, ఆయాసం ఉన్నాయేమో అడిగి రమ్మన్నారు. ఉన్నవాళ్ళ కణాలు వెంటనే పరీక్షకు పంపుదామని, ఆలస్యం చెయ్యవద్దని, ఈసారి ఆరు సంతకాలు తానే ముందుగా పెట్టిస్తానని చెప్పారు.

నాలుగు గళ్ళ ఫారం గీసుకుని వెళ్ళాను. మొదటి ఆమె లేదంది. రెండో ఆమె లేదంది. పోయిన వేసవిలో నా బల్ల దగ్గరికి వచ్చి చేతులు చూపించి ఏడ్చినావిడ, చేతులు గౌను జేబుల్లో పెట్టుకుని లేదంది. ఎవరూ గోక్కోవడం లేదు. ఎవరూ దగ్గడం లేదు. అంత ఆరోగ్యమైన బ్లాకును నేను ఎన్నడూ చూడలేదు. మధ్యాహ్నానికి అరవై మూడు వరుసలు నిండాయి.

చివరి వరుస నీలవేణిది. మాస్కు పైన ఆమె కళ్ళు రెండూ వాచి, రెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి.

"దురద ఉందా అమ్మా?"

"నేదండి."

"మరి కళ్ళేమిటి, అలా వాచాయి?"

"ఏడిసినానండి."

"ఎందుకు?"

నీలవేణి నా చేతిలోని ఫారం వైపు చూసింది.

"అది రాసుకోడానికి మీ కాయితంలో గడి ఉందేటండి?"

చూశాను. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాను. తర్వాత నాలుగు గళ్ళలోనూ లేదు అని రాసి, సంతకానికి కలం ఆమెకిచ్చాను. సంతకం పెడుతుంటే గౌను చెయ్యి పైకి జారింది. ఆమె గబుక్కున కిందికి లాక్కుంది. నేను చూడలేదు.